అగ్గిపాడు నాడు వచ్చినది

జనవరి 27, 2025. సోమవారం. లేపాక్షి

గది బాగుంది. కిటికీ తెరిస్తే రాతి నంది కనబడుతుందని గది అద్దెకిచ్చిన ఇంటాయన చెప్పాడు. కనబడేది సెల్ టవరు. నిద్ర బాగానే పట్టింది.

అభిలాష్ రెండుసార్లు ఫోన్ చేశాడు. బెంగళూరు ఆఫీసులో నా పక్క సీటువాడు. ఇప్పుడు ఉద్యోగం మానేసి సైకిల్ టూర్లు నడుపుతున్నాడు. శనాదివారాల్లో నగరం వాళ్ళు మా కొండల్లో సైకిళ్ళు తొక్కుతారట. లారీలు ఉండకూడదు, హారన్లు ఉండకూడదు, వెంటపడే కుక్కలు ఉండకూడదు. అలాంటి దారులు నేను వెతికి, ఒక్కోదానికి ప్రశాంతత పదికి ఎంతో మార్కులు వేసి ఈ ఫిబ్రవరి లోపల పంపాలి.

ప్రశాంతతకు మార్కులు వేయడం నాకు అలవాటే. బెంగళూరు వదిలి ధర్మవరం వచ్చినప్పటి నుంచీ ఇంట్లో అదే పని. నేను గదిలోంచి బయటికి రాగానే అమ్మా నాయనా మాట ఆపేస్తారు. మగ్గం చప్పుడొక్కటే మిగులుతుంది. పదికి ఏడు.

ఇక్కడ ఎవరూ ఏమీ అడగరు. బాగానే ఉన్నాను.

జనవరి 30

సైకిల్ మీద మడకశిర వైపు కొండల్లోకి వెళ్ళాను. గుండు మీద గుండు, ఎవరో పేర్చడం మొదలుపెట్టి మధ్యలో లేచి వెళ్ళిపోయినట్టు. చెనిక్కాయలు పీకేసిన చేలు. ఎండిపోయిన బోర్ల పైపులు నేలలోంచి నోరు తెరుచుకుని ఉన్నాయి. తారు కొత్తది, బండి ఒక్కటీ లేదు. ఎందుకుంటుంది? సగం ఇళ్ళకి తాళాలే. అరుగు మీద కూర్చున్న ముసలాయన్ని అడిగితే, "అందరూ బెంగుళూరే తల్లీ. సెక్యూరిటీ, సెంట్రింగు" అన్నాడు.

వీళ్ళు అక్కడికి పోయి గేట్లు తీస్తారు. ఆ గేట్లలోంచి వాళ్ళు బయటపడి, వీళ్ళు వదిలేసిన ఖాళీని చూడడానికి ఇక్కడికొస్తారు. అభిలాష్‌తో ఈ మాట అంటే, "దయచేసి అది నోట్స్‌లో రాయకు" అన్నాడు.

ఎనిమిది.

ఫిబ్రవరి 4

అభిలాష్ బస్సులో బూట్లు పంపాడు. వేళ్ళ కింద ఇనుప బిళ్ళ ఉంది. అది పెడల్‌లో ఇరుక్కుని కాలిని పట్టుకుంటుంది. తొక్కినంతసేపూ హాయి. దిగి నడిస్తేనే టక్కు టక్కు. "గుర్రమేమన్నా మిద్దెక్కినాదేమో అనుకుంటి" అంది ఇంటాయన భార్య.

ఫిబ్రవరి 8

అమ్మ ఫోన్ ఎత్తలేదు. కాదు. నేను ఎత్తలేదు.

నిద్ర పట్టింది. తెల్లారబోయే ముందు కాసేపు.

ఫిబ్రవరి 12, బుధవారం

ఎక్కడో మొదలుపెట్టాలి కాబట్టి కుక్కల దగ్గర మొదలుపెడతాను. కుక్కలు లేవు.

రొళ్ళ దాటాక ఎడమచేతి వైపు ఒక చిన్న దారి రెండు కొండల మధ్యకి ఎక్కుతుంది. ఎక్కి దిగితే ఎర్రగుండుపల్లి. పొద్దున తొమ్మిదవుతుందేమో. ఊరి మొదట్లోనే అలవాటుగా వేగం తగ్గించాను, కుక్కలు రావడానికి. రాలేదు. కోళ్ళు లేవు. కట్టుగొయ్యలకి పలుపులు ఉన్నాయి, పశువులు లేవు. తలుపులన్నీ గొళ్ళెం పెట్టి ఉన్నాయి. ఒక ఇంటి ముందు ఆరేసిన చీర గాలికి ఎగిరి మళ్ళీ తన చోటుకి తనే వచ్చి పడుతోంది. ఇంకేదీ కదలడం లేదు.

వీధంతా శుభ్రంగా ఊడ్చి, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా బూడిద చల్లి ఉంది. పలచగా, జల్లెడ పట్టినట్టు. చీమల మందేమో అనుకుని దాని మీదే తొక్కాను. టైర్లు చప్పుడు చేయలేదు. నా ఊపిరి నాకే పెద్దగా వినిపించి, కాసేపు ఆపుకుని చూశాను.

"ఎవురమ్మా?"

ద్వారబంధం పట్టుకుని ఒక అవ్వ, గడప లోపల కూర్చుని ఉంది. ఊళ్ళో తెరిచి ఉన్న తలుపు అదొక్కటే.

"సైకిల్లో వచ్చినానవ్వా. రోంత నీళ్ళిస్తావా?"

"లేసేకి కాదు నాకు. కుండ ఆడుండాది. ముంచుకో."

లోపలికి వెళ్ళి ముంచుకున్నాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి, మట్టి వాసన వేస్తూ. ఊరు ఏమైందని అడిగాను.

"అగ్గిపాడు కదా ఈ పొద్దు. పున్నమి. పొయ్యిలన్నీ ఆర్పి, ఆ బూడిద వీధుల్లో సల్లి, గొడ్డూ గోదా, కోడీ కుక్కా అన్నీ తోలుకొని కొండవతల తోపుకి పోయినారు. ఆడనే వండుకుంటారు. పొద్దు గూకినంక వస్తారు. ఈ పొద్దు ఊర్లో అగ్గి ఉండగూడదు, మనిషుండగూడదు."

"ఏంటికవ్వా?"

"ఒకటొచ్చి పోతాది. దానికి ఊరొదిలిపెట్టాల్ల."

"ఏమొస్తాది?"

"సూసినోళ్ళు ఎవురుండారు, సెప్పేకి?" అని పళ్ళు లేని నోటితో నవ్వింది.

"మరి నువ్వెట్ల ఉండిపోయినావు?"

"మోకాళ్ళు. ట్రాక్టరెక్కితే ఎముకలన్నీ ఊడి సేతికొస్తాయి. ముందు ట్రాక్టరోళ్ళకి యెనక దాంట్లో వస్తానంటి. యెనకోళ్ళొచ్చి పిలిస్తే తలుపేసుకొని పలకలే. ముందే పాయనని వాళ్ళనుకున్యారు." తిప్పమ్మ అట పేరు. "ఎవురితోనూ అనాకు. కాళ్ళిరగ్గొడతారు. ఇరిగేకి ఇంగేముండాయిలే."

గ్లాసు అందుకుంటూ నా చెయ్యి పట్టుకుంది. నవ్వు ఆగింది.

"సెయ్యింత సల్లగుండాదేం?"

"నా చేతులు ఎప్పుడూ అంతే."

"యాడ మీది?"

"ధర్మవరం. నా పేరు..."

అరచెయ్యి అడ్డం పెట్టింది. "పేరొద్దు."

సైకిలెక్కి ఊరి అవతలి వైపు నుంచి బయటపడ్డాను. పొలిమేర రాయి దాటేదాకా ఒక్క పిట్ట కూడా అరవలేదని ఇప్పుడు రాస్తుంటే తోస్తోంది. అప్పుడు అనిపించింది హాయి ఒక్కటే.

పది. మొదటిసారి పది వేశాను.

ఫిబ్రవరి 13

అభిలాష్: "పదికి పదా! ఫైనల్. మధ్యాహ్నం భోజనం ఎవరైనా వండిపెడతారేమో కనుక్కో."

ఫిబ్రవరి 14, శుక్రవారం

ఈసారి ఊళ్ళోకి రాకముందే కుక్కలు వెంటపడ్డాయి. అంత సంతోషంగా కుక్కల్ని తిట్టడం ఇదే మొదలు.

కొళాయి దగ్గర చౌడేశ్వరి అనే ఆవిడ బిందె తోముతోంది. తిప్పమ్మ పక్కిల్లు. వంట సంగతి అడిగాను. "ఎంతమందికి? సంగటి తింటారా వాళ్ళు, లేక చపాతీలా?" అని హుషారుగా మొదలుపెట్టింది. నా నంబరు ఆమె ఫోన్లో కొట్టి ఇచ్చాను.

అప్పుడు చూశాను, వీధి మధ్యలో బోర్లించిన గంపల్ని. వరసగా ఉన్నాయి. ఒక్కోదాని మీద ఒక్కో రాయి. వరస తిప్పమ్మ గడప దాకా పోయి, అక్కణ్ణుంచి ఊరి అవతలికి సాగింది.

"అవేందక్కా?"

గొంతు తగ్గించింది. "జాడ. బూడిదలో పడింటాది. గాలికి పోకుండా మూసిపెట్టినాం. ఊరి మొదట్నుంచి వచ్చింది, పాము మాదిరి. ఒకటే గీత. మలుపులో రెండయి, మల్లా ఒకటయింది. తిప్పమ్మ ఇంటికాడ డెక్కలు. గుర్రం కాదు, మేక కాదు. కాలికొకటే డెక్క. లోపలికి పోయి వచ్చినాది. ఆ యమ్మేమో ఊరిడిసి పోకుండా ఇంట్లోనే ఉన్నింది!"

నాకు నవ్వొచ్చింది. నిజంగా నవ్వాను. "అక్కా, అది నా సైకిలు. బుధవారం నేనే వచ్చినా. దప్పికయి నీళ్ళు తాగినా."

ఆమె కూడా నవ్వబోయి నా కాళ్ళ వైపు చూసింది. బూటు ఎత్తి అడుగు చూపించాను, నమ్మకం కలుగుతుందని. బిందె అక్కడే వదిలేసి, కొంగు నోట్లో కుక్కుకుని ఇంట్లోకి పోయి తలుపేసుకుంది.

తిప్పమ్మ దగ్గరికి వెళ్ళాను. కుండలో నీళ్ళు అడుగంటాయి. రోజూ చౌడేశ్వరే ఒక బిందె తెచ్చి పోసేది, పూట పూటా సంగటి పెట్టేది. జాడ వెళ్ళిన ఇంటితో మళ్ళీ పున్నమి దాకా నీళ్ళు, నిప్పు, మాట ఉండకూడదని కదిరప్ప చెప్పాడట. ఊళ్ళో పెద్ద అతనే. పై పొలాలన్నీ అతనివే.

నా సీసా మూత తీసి అవ్వ నోటి దగ్గర పెట్టాను. పెదవులు పగిలి ఉన్నాయి. నోరు తెరవలేదు.

"నువ్విచ్చింది నేను తాగగూడదు తల్లీ. నేను నీకియ్యొచ్చు. నువ్వు నాకియ్యగూడదు." మళ్ళీ మెల్లగా అడిగింది: "ఇంగో పొద్దు కూడా వస్తావా నువ్వు?"

బయట జనం నిలబడి ఉన్నారు. ఎవరూ నన్ను ఆపలేదు. దారి ఇచ్చారు, కావలసిన దానికన్నా ఎక్కువ.

ఫిబ్రవరి 15

పొద్దున 108కి ఫోన్ చేశాను. బండి వచ్చింది. తిప్పమ్మ ఆ బండివాళ్ళతో, "నాకేమప్పా, రాయి మాదిరి ఉండా" అంది. ఊరివాళ్ళు వాళ్ళకి మజ్జిగ ఇచ్చారు. వాళ్ళు నా వైపు అదోలా చూసి వెళ్ళిపోయారు. అవ్వ ఆ మజ్జిగ గ్లాసుల్ని ఎలా చూసిందో నేను చూశాను.

ఇక కదిరప్ప దగ్గరికే పోయాను. అరుగు మీద చెనిక్కాయలు ఒలుచుకుంటున్నాడు. "కదిరప్పన్నా, ఒక్కసారి వచ్చి చూడు. ఆ తరవాత నీ ఇష్టం" అన్నాను. వచ్చాడు. ఊరంతా వచ్చింది.

ఒక ఇంటి పొయ్యిలోంచి బూడిద అడిగి నేల మీద చల్లాను. దాని మీద సైకిల్ తొక్కాను. మలుపు తిప్పాను, వెనక చక్రం గీత ముందు చక్రం గీతని దాటి మళ్ళీ కలిసింది. దిగి నడిచాను. తరవాత నేనే వంగి ఒక గంప ఎత్తాను. రెండూ పక్కపక్కన. అదే గళ్ళు, అదే బిళ్ళ. లెక్కల మాస్టారు బోర్డు మీద చాక్‌పీసు పెట్టేసినట్టు చేతులు దులుపుకున్నాను.

కదిరప్ప వంగి చాలాసేపు చూశాడు.

"అవునమ్మయ్యా. నువ్వే."

"అదే కదన్నా చెప్తాండేది!"

"మేం కాదన్యామా?"

మళ్ళీ గంప కింది జాడ వైపు వేలు చూపించాను.

"పోయిన తూరి ఒగాయన వచ్చినాడు. కరెంటు మీటర్లు చూసేకొచ్చినా అన్యాడు. కార్డు చూపించినాడు."

"నిజంగానే మీటర్లు చూసేకి వచ్చింటాడు!"

"నిజమే. ఆయప్పది గోరంట్ల. మావాళ్ళు పోయి కనుక్కున్యారు కూడా. అయితే ఏం? ఆ పొద్దు వచ్చినాడు కదా." చెనిక్కాయ ఒకటి ఒలిచి నోట్లో వేసుకున్నాడు. కోపం లేదు, జాలిగా ఉంది గొంతు. "అది వట్టిగ ఎట్లొస్తాదమ్మా? దానికి కాళ్ళుండాయా? ఎవురో ఒగరి మీద వస్తాది. మోసుకొచ్చినోళ్ళకి తెలీదు. ధర్మవరం నుంచి ఈ కొండకి, ఈ దారికి, ఆ పొద్దే ఏంటికొచ్చినావో నువ్వు సెప్పు సూద్దాం."

దారి ప్రశాంతంగా ఉంటుందని. చెప్పలేదు ఆ మాట.

"నిద్ర పడతాందా నీకు?"

"బాగానే పడుతోంది" అన్నాను. ఎక్కువ తొందరగా అన్నాను.

"సరే. ఊరి ముందర నిలబడి నోరు తెరిచి చెప్పు: నేనే వచ్చినా, నేనే తీసుకొని పోతాండా అని. పొలిమేర దాటేదాకా యెనక్కి సూడొద్దు. నువ్వు దాటిన గడియలో తిప్పమ్మకి నీళ్ళు పోస్తారు."

"నేను ఎమ్మెస్సీ చదివినానన్నా."

"మంచిదే కదమ్మా" అన్నాడు.

ఎవరో కిసుక్కుమన్నారు. సైకిలెక్కి వచ్చేశాను.

ఫిబ్రవరి 16, ఆదివారం, పొద్దున

చెప్పను. చెబితే ఇక ముందు ఏ ఆడమనిషి గడప దగ్గర ఏ జాడ కనబడినా, ఇదిగో ఆ పిల్ల ఒప్పుకుంది కదా అంటారు. ఇది రాసుకుంటే సరిగ్గానే ఉంది. చదువుకుంటే కూడా సరిగ్గానే ఉంది.

కుండ అడుగు. గ్లాసుడు ఉంటాయేమో. నిన్నటికి.

అదే రోజు, రాత్రి

చెప్పాను.

వీధికి రెండు వైపులా నిలబడ్డారు. చౌడేశ్వరి నిండు బిందె చంకన పెట్టుకుని, తిప్పమ్మ గడపకి ఇవతల నిలబడి ఉంది. బిందె బరువుకి ఒరిగిపోయి, నా నోటి వైపే చూస్తోంది. ఆమెకి కూడా తొందరే. అది చూశాక నాకు మిగతాదంతా చిన్నదైపోయింది.

"నేనే వచ్చినా. నేనే తీసుకొని పోతాండా."

గట్టిగా, మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పాను. రెండోసారి అది నేను నేర్చుకున్న మాటలా లేదు.

సైకిల్ నడిపించుకుంటూ నడిచాను. బూట్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. పొలిమేర రాయి దాటగానే వెనక బిందె వంచిన చప్పుడు. అంత దూరం నుంచి వినబడదు. వినబడింది. దగ్గు, ఆ తరవాత తిప్పమ్మ గొంతు: "మెల్లిగ పొయ్యవే, ముంచి సంపుతావా!"

వెనక్కి చూడలేదు.

కొండ ఎక్కాక రొళ్ళ దాకా అంతా దిగుడు. ఎప్పుడూ తొక్కే పనుండదు. ఈరోజు తొక్కాల్సి వచ్చింది. బ్రేకు పట్టుకుందేమోనని దిగి చక్రం తిప్పి చూశాను. పట్టుకోలేదు. బాగా తిరుగుతోంది. ఎక్కితే మళ్ళీ బరువు.

ఎదురుగాలి. ఎదురుగాలే అయ్యుంటుంది. ఆకులు కదలలేదు.

ఫిబ్రవరి 19

అభిలాష్‌కి ఆ దారి వద్దని చెప్పాను. "పదన్నావు కదా?" రెండు చేశాను. ఎందుకని అడిగితే కుక్కలున్నాయన్నాను.

ఫిబ్రవరి 23

చౌడేశ్వరి ఫోన్ చేసింది. నేను పేరు చెప్పబోతే, "వద్దు వద్దు" అంది. తిప్పమ్మ తాగుతోందట, తింటోందట, అందర్నీ తిడుతోందట. "మల్లా యేడు కూడా నువ్వే వస్తావా అని అడగమంటాంది. కొత్తోళ్ళొస్తే మాట్లాడేకి తోచదంట."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆమె ముందు ఆపింది.

మార్చి 6. ధర్మవరం

ఇంటికి వచ్చాను. నాయన మగ్గం ఆపి, "సన్నగయినావు" అన్నాడు. అమ్మ, "ఎవురితో వచ్చినావు?" అంది.

ఒక్కదాన్నే అన్నాను.

"వాకిట్లో ఎవురో ఉన్నట్టుంటే" అంది. తలుపు మాత్రం చాలాసేపు తెరిచే ఉంచింది.

జూలై 2

వాన లేదు.

అక్టోబరు 11

సైకిల్ ఇంకా బరువుగానే ఉంది. మెకానిక్ బేరింగులు మార్చాడు. తను తొక్కి చూసి, "పువ్వు మాదిరి ఉండాదక్కా" అన్నాడు.

జనవరి 24, 2026

చౌడేశ్వరి. ఈసారి కదిరప్ప పక్కనుండి మాట్లాడించాడు.

"పున్నమి వచ్చే నెల ఒకటి, ఆదివారం. నువ్వు రావల్లంట."

"నేనెందుకక్కా? ఊరికి ఎవరూ రాకుండా ఉంటే మంచిదే కదా?"

కదిరప్ప ఫోన్ తీసుకున్నాడు. "రాకుండా ఉండదమ్మయ్యా. తెలీనోళ్ళు వచ్చిరనుకో, ఎవురో, యాడోళ్ళో. మాట చెప్పకుండా పోతారు. అప్పుడు ఏ ఇంటికాడ జాడుంటే ఆ ఇంటికి నెల పొడుగునా నీళ్ళు లేవు. నువ్వయితే తెల్సినదానివి. వస్తావు, చెప్తావు, పోతావు. సాయంత్రానికంతా అయిపోతాది."

ఎవరో ఒకరి మీద వస్తుందని నేను నమ్మను. కానీ ఎవరో ఒకరికి నీళ్ళు ఆగుతాయి. అది నేను చూశాను.

"తిప్పమ్మని ఈసారి ట్రాక్టరెక్కించండి" అన్నాను.

"ఎత్తి కూర్చోబెడతాం" అన్నాడు.

ఫిబ్రవరి 1, ఆదివారం. లేపాక్షి

వెళ్ళి వచ్చాను. జరిగింది జరిగినట్టు రాస్తాను, ఎవరికీ చెప్పేది కాదు కాబట్టి.

పొద్దున్నే కొండ ఎక్కాను. ఊరు ఖాళీ. బూడిద కొత్తగా, నున్నగా ఉంది. కాలు పెట్టబుద్ధి కాలేదు.

అప్పటికే ఒక గీత ఉంది.

ఊరి మొదట్లో మొదలైంది. నా టైరు గళ్ళే. దిగి, వేలితో కొలిచి చూశాను. మలుపులో రెండై మళ్ళీ ఒకటై తిప్పమ్మ ఇంటి వైపు తిరిగింది. అవతలి వైపుకి ఏమీ లేదు. పోయింది, తిరిగి రాలేదు.

తిప్పమ్మ ఇంటి తలుపు తెరిచి ఉంది. లోపల మాటలు వినబడుతున్నాయి. ఒక గొంతే. అడిగి, ఆగి, మళ్ళీ అడుగుతోంది.

నేను వెనక్కి తిరిగిపోయి ఉండొచ్చు. పోతే ఆ గీత ఉంటుంది. మాట చెప్పేవాళ్ళు ఉండరు. నెల.

సైకిలెక్కాను. ఆ గీత మీదే చక్రం పెట్టి, పక్కకి పోకుండా, ఒక్క గీతే మిగిలేట్టు తొక్కాను. అంత మెల్లగా ఎప్పుడూ తొక్కలేదు. గడప దగ్గర డెక్కలున్నాయి. వాటి మీదే అడుగులు వేశాను. సరిపోయాయి.

తిప్పమ్మ ద్వారబంధం పట్టుకుని కూర్చుని ఉంది. రెండు ట్రాక్టర్లనీ మళ్ళీ ఏమార్చింది. ముందు ఖాళీ గ్లాసు, తడిగా.

నన్ను చూసి విసుక్కుంది. "ఇప్పుడే కదమ్మా తాగి లోపలికి పోతివి. మల్లా దప్పికయినాదా?"

ఆమె భుజం మీదుగా లోపలి గదిలోకి చూశాను. చీకటి. కుండ. చాప.

"దప్పికవుతాందవ్వా" అన్నాను. ముంచుకుని తాగాను. గుమ్మం బయట నిలబడి, ఆ గదితో మెల్లగా అన్నాను: "పోదాం రా."

బయటికి వచ్చేటప్పుడు అడుగులు పక్కపక్కన పడకుండా జాగ్రత్తగా చూసుకున్నాను. సైకిల్ మీద కూర్చున్నాక వెనక టైరు కొంచెం కిందికి నొక్కుకుంది. పొలిమేర రాయి దగ్గర ఆగి, పొద్దు గూకేదాకా అక్కడే కూర్చున్నాను.

ట్రాక్టర్లు వచ్చాయి. కదిరప్ప ఒక్కడే ముందు ఊళ్ళోకి పోయి, జాడ చూసుకుని వచ్చాడు. ఊరి ముందు నిలబడి నేను మాట చెప్పాను. నేనే వచ్చినా, నేనే తీసుకొని పోతాండా. చౌడేశ్వరి బిందె ఎత్తుకుని తిప్పమ్మ ఇంటికి పరిగెత్తినట్టే పోయింది.

కదిరప్ప మాత్రం కదల్లేదు. నా వైపు, సైకిల్ వైపు, మళ్ళీ నా వైపు చూశాడు.

"ఒక్కదానివేనా వచ్చింది?"

"ఒక్కదాన్నే" అన్నాను.